ఒసుమికి నోబెల్ వచ్చింది ఉపవాసానికా? ఆయన రీసెర్చ్ కెరీర్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

ఈస్ట్_స్కాలర్:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను, ఈస్ట్ మీద పని. మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే నెల సెమినార్లు. తలా ఒక సెల్ బయాలజిస్టును తీసుకుని, వాళ్లు జీవితమంతా చేసిన పని ఏమిటి, దాన్ని పట్టుకుని తర్వాతివాళ్లు ఎక్కడిదాకా వెళ్లారు అన్నది నలభై నిమిషాల్లో చెప్పాలి. నేను యోషినోరి ఒసుమి పేరు ఇచ్చాను. ఆటోఫజీ (కణం తన లోపలి సరుకును తానే విరిచి తిరిగి వాడుకోవడం) మీద పనికి 2016లో మెడిసిన్ నోబెల్ ఒక్కరే అందుకున్న జపాన్ శాస్త్రవేత్త.

రెండు విషయాల్లో మీ సాయం కావాలి. ఒకటి, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఏకాదశి వచ్చినప్పుడల్లా ఒక మెసేజ్ తిరుగుతుంది. ఉపవాసం ఉంటే శరీరం క్యాన్సర్ కణాలను తానే తినేస్తుందని జపాన్ శాస్త్రవేత్త నిరూపించాడు, అందుకే నోబెల్ ఇచ్చారు, మన పెద్దలు ఇది ఎప్పుడో చెప్పారు అని. నేను సెమినార్ ఇస్తున్నానని తెలిసి మా మేనమామ దాన్ని మళ్లీ పంపి, ఇది కూడా చెప్పరా అన్నారు. నేను చదివిన ఆయన పేపర్లలో ఎక్కడా మనిషి ఉపవాసం కనపడలేదు, మరి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

రెండోది నాకు ఇంకా ముఖ్యం. 43 ఏళ్లు వచ్చేదాకా ఆయనకు సొంత ల్యాబ్ లేదు. అందరూ మూలం అని చెప్పే 1993 పేపర్ ఫెబ్స్ లెటర్స్ అనే జర్నల్‌లో వచ్చింది, సైన్స్‌లోనో నేచర్‌లోనో కాదు. అలాంటి సీవీతో మన దగ్గర ఇంటర్వ్యూకి పిలుస్తారా అన్నది కూడా అనుమానమే. అలాంటి మనిషి ఒక రంగం మొత్తాన్ని ఎలా నిలబెట్టగలిగాడు? నలభై నిమిషాల్లో ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి?

బెంచ్‌మీద_పదేళ్లు:

చాలా మంచి పేరు ఎంచుకున్నారు. నేను పీహెచ్‌డీ నుంచి ఆటోఫజీ మీదే ఉన్నాను, ఇప్పుడు జర్మనీలో పోస్ట్‌డాక్. ఒసుమి గురించి అడిగితే నేను కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 43 ఏళ్ల సంగతి. 1945లో ఫుకువోకాలో పుట్టారు, టోక్యో యూనివర్సిటీలో కోలిసిన్ అనే బ్యాక్టీరియా ప్రొటీన్ మీద పనిచేసి 1974లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ యాంటీబాడీల నిర్మాణానికి 1972లో నోబెల్ తీసుకున్న జెరాల్డ్ ఎడెల్‌మన్ దగ్గర, ఎలుకల్లో శరీరం బయట ఫలదీకరణ మీద పని ఇచ్చారు. తనకు ఏమాత్రం పరిచయం లేని పని, చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత అదే ల్యాబ్‌లో ఈస్ట్ డీఎన్ఏ పనిలోకి మారారు. ఈస్ట్‌తో పరిచయం అలా మొదలైంది. 1977లో టోక్యోకి తిరిగొచ్చి యసుహిరో అన్‌రాకు ల్యాబ్‌లో జూనియర్ పోస్టులో చేరారు.

మీ సెమినార్‌లో చాలామంది దాటేసే భాగం ఇదే, మీరు దాటేయకండి. ఆ పదేళ్లలో ఆయన చేసింది ఈస్ట్ వాక్యువోల్ (కణం లోపల పొర చుట్టిన పెద్ద సంచి) మీద పని. అప్పట్లో వాక్యువోల్ అంటే కణంలో చెత్త పడేసే తొట్టి అనే చిన్నచూపు, దాని జోలికి పెద్దగా ఎవరూ వెళ్లేవారు కాదు. ఆయన దాన్ని శుభ్రంగా, పెద్ద మొత్తంలో వేరుచేసే పద్ధతి సాధించి, దాని పొరలో అమైనో ఆమ్లాలను లోపలికి పంపే ఏర్పాట్లు ఉన్నాయని, లోపల ఆమ్లత నిలబెట్టే ప్రోటాన్ పంపు ఉందని చూపించారు. అంటే 1988లో సొంత ల్యాబ్ వచ్చేనాటికి ఈస్ట్ వాక్యువోల్ గురించి ఆయనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. సీవీలో మెరుపు లేకపోవచ్చు గానీ తర్వాత జరిగినదంతా దాని మీదే నిలబడింది.

సొంత ల్యాబ్ వచ్చాక ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. వాక్యువోల్‌లో ప్రొటీన్లను కోసే ఎంజైములు ఇన్ని ఉన్నాయే, అవి ఏం కోస్తున్నాయి, ఎప్పుడు కోస్తున్నాయి? ఈస్ట్‌కి నైట్రోజన్ అందకపోతే అది స్పోర్లు కడుతుంది. కణం తన రూపమే మార్చుకోవాలంటే ఉన్న సరుకును విరిచి కొత్తది కట్టుకోవాలి, కాబట్టి విరిచే పని ఆ సమయంలోనే పెద్ద ఎత్తున జరుగుతూ ఉండాలి. కానీ విరిగిపోయేదాన్ని చూడటం ఎలా? విరగకుండా ఆపితే కనపడాలి కదా. అందుకే ఆ ఎంజైములు పనిచేయని మ్యుటెంట్ (జీన్‌లో మార్పు వచ్చిన) ఈస్ట్‌ను తీసుకున్నారు. ఎలిజబెత్ జోన్స్ లాంటివాళ్లు అలాంటి స్ట్రెయిన్లను అప్పటికే తయారుచేసి పెట్టి ఉన్నారు. వాటిని నైట్రోజన్ లేని మీడియంలో (పెంచే ద్రావణంలో) పెట్టి, కొన్ని గంటల తర్వాత మామూలు లైట్ మైక్రోస్కోప్ కింద చూశారు. వాక్యువోల్ నిండా చిన్న చిన్న గుండ్రటి సంచులు, ఒక్క క్షణం నిలకడ లేకుండా కదులుతూ ఉన్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో నిపుణురాలైన మిసుజు బాబాతో కలిసి చూస్తే ఆ సంచుల్లో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములతో సహా కణం లోపలి సరుకే ఉంది. కణం తనలో కొంత భాగాన్ని జోడు పొరతో చుట్టి, మూటకట్టి వాక్యువోల్‌లోకి పంపుతోందన్నమాట. ఆ పేపర్ 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది.

నా దృష్టిలో అసలు ఘనత దాని తర్వాతి అడుగులో ఉంది. సంచులు కనపడ్డాయని సంతోషపడి అక్కడే వాటి ఫొటోలు తీసుకుంటూ కూర్చోలేదు. సంచులు కనపడుతున్నాయంటే, సంచులు కట్టలేని మ్యుటెంట్‌ను కూడా పట్టుకోవచ్చు అన్నమాట! విద్యార్థిని మికి సుకాడాతో కలిసి ఈస్ట్‌లో మ్యుటేషన్లు కలిగించి, ఆకలి పెట్టినా సంచులు కట్టని కణాల కోసం మైక్రోస్కోప్ కింద వెతికారు. మొదటిది దొరికింది, దానికి ఎపిజి1 అని పేరు. ఆ మ్యుటెంట్ నైట్రోజన్ లేకుండా ఎక్కువ రోజులు బతకదని గమనించారు. ఇక ఒక్కో కణాన్నీ మైక్రోస్కోప్‌లో చూడక్కర్లేదు, ఆకలికి త్వరగా చచ్చే కాలనీలను ముందు ఏరి, వాటిని మాత్రమే మైక్రోస్కోప్ కిందికి తేవచ్చు. ఫ్లాక్సిన్ బి రంగు చచ్చిన కణాలకు పట్టుకుంటుంది కాబట్టి అలాంటి కాలనీలు ఎర్రగా తేలతాయి. అలా 15 గ్రూపుల మ్యుటెంట్లు (ఒక్కో గ్రూపు ఒక్కో జీన్‌ది), 1993 ఫెబ్స్ లెటర్స్ పేపర్ అదే. ఆరు పేజీల పేపర్, ఈ రోజుకీ చదవడానికి హాయిగా ఉంటుంది. మీ నలభై నిమిషాల్లో పదిహేను దీనికే ఇవ్వండి.

డాక్టరమ్మ_ఖమ్మం:

ఉపవాసం ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే ఆ మెసేజ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చే పేషెంట్లు ఉన్నారు.

నోబెల్ కమిటీ ప్రకటనలో ఉన్నది ఆటోఫజీ జరిగే విధానాన్ని కనుక్కున్నందుకు అని మాత్రమే. ఉపవాసం మంచిదా కాదా, ఎన్ని గంటలుండాలి, క్యాన్సర్ తగ్గుతుందా, వీటిలో ఏ ఒక్కదాని గురించీ బహుమతి కాదు. ఆయన పని ఈస్ట్ మీద. ఆకలి అనే మాట నిజంగానే ఉంది కాబట్టి మెసేజ్ రాసినవాళ్లకు అది చాలింది, కానీ ఆ ఆకలి నైట్రోజన్ లేని మీడియంలో పెట్టిన ఈస్ట్‌ది. ఆ మీడియంలో చక్కెర నిండుగా ఉంటుందని కూడా మీ మేనమామ గారికి చెప్పండి.

జంతువుల్లో ఆకలికి ఆటోఫజీ పెరగడం నిజమే. ఒసుమి ల్యాబ్‌లో ఎదిగిన నొబోరు మిజుషిమా 2004లో ఆటోఫజీ జరిగే చోట పచ్చగా వెలిగే ఎలుకలను తయారుచేసి చూపించారు. తిండి ఆపితే కాలేయంలో, కండరాల్లో, గుండెలో పెరిగింది, మెదడులో మాత్రం తేడా కనపడలేదు. అదే ఏడాది వాళ్లదే ఇంకో పేపర్ నాకు డాక్టర్‌గా మరీ నచ్చింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లకు తల్లి నుంచి మాయ ద్వారా వచ్చే పోషణ ఒక్కసారిగా ఆగిపోతుంది, పాలు అందేదాకా ఒక గ్యాప్ ఉంటుంది, ఆ కొన్ని గంటల్లో ఆటోఫజీ విపరీతంగా పెరుగుతుంది. ఎటిజి5 అనే జీన్ లేని పిల్లలు పుట్టిన రోజే చనిపోయాయి. ఈస్ట్‌లో ఏరిన 15లో ఒకటి పసిప్రాణం మొదటి రోజును దాటించే జీన్ అని తేలింది. మీ సెమినార్‌లో ప్రభావం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

కానీ ఎలుకకు ఒక రోజు తిండి మానడం అంటే మనకు ఒక రోజు మానడం లాంటిది కాదు, దాని ఒంటి బరువులో గణనీయమైన భాగం పోతుంది. మనిషిలో పదహారు గంటలకు ఆటోఫజీ మొదలవుతుందని చెప్పే చార్టులు చూస్తుంటాను. బతికున్న మనిషి కాలేయంలో గంటగంటకూ దాన్ని కొలిచే తేలికైన పరీక్షే లేనప్పుడు గడియారం పెట్టుకుని చెప్పడం ఎలా కుదురుతుంది? క్యాన్సర్ సంగతి ఇంకా చిక్కు. ఆటోఫజీ కొన్ని సందర్భాల్లో కణితి పుట్టకుండా అడ్డుకుంటుంది, ఒకసారి కణితి పెరిగాక అదే ఆటోఫజీ క్యాన్సర్ కణాన్ని ఆకలి నుంచి కాపాడుతుంది. అందుకే క్యాన్సర్ ట్రయల్స్‌లో ఆటోఫజీని ఆపడానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడి చూశారు. ఆ మెసేజ్ చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురు.

ఉపవాసం ఉండేవాళ్లు భక్తితో ఉంటారు, దానికి నోబెల్ సర్టిఫికెట్ అవసరం లేదు, నేను కూడా కార్తీక సోమవారాలు ఉంటాను. నా ఆందోళన ఒక్కటే. ఇన్సులిన్ మీదో, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రల మీదో ఉన్నవాళ్లు ఇది చదివి డాక్టర్‌ని అడగకుండా రోజంతా తిండి మానేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీ ఫ్యామిలీ గ్రూపులో ఈ ముక్క తప్పకుండా పెట్టండి.

ఈస్ట్_స్కాలర్:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, మా అత్తయ్య ఇన్సులిన్ మీదే ఉన్నారు, మీరు రాసిన చివరి పేరా ఇప్పుడే గ్రూపులో పెట్టాను.

ఇంకో సందేహం. ఆటోఫజీ అనే పేరు క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లోనే పెట్టారని చదివాను. అంటే విషయం ముందే తెలుసు. మరి ఒసుమిది కొత్తగా ఏమిటి అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఒక్కరికే ఇవ్వడం న్యాయమేనా అన్న ప్రశ్న కూడా మా సీనియర్ ఒకరు అప్పుడే లేవనెత్తారు.

పాత_లెక్చరర్:

బాబూ, నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా తరం ఈ కథ ముందు భాగాన్ని పాఠంగా చదివింది, అది చెబుతాను.

డి డ్యూవ్ బెల్జియం ఆయన. 1955లో లైసోజోమ్‌ను గుర్తించారు, జంతు కణంలో సరుకును అరిగించే సంచి అది, ఈస్ట్‌లో వాక్యువోల్ లాంటిది. కాలేయ కణాలను రుబ్బి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఎంజైముల లెక్క చూస్తూ పట్టుకున్నారు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎలుక కాలేయ కణాల్లో పొర చుట్టిన సంచులు, వాటిలో సగం అరిగిన మైటోకాండ్రియా కనపడటంతో 1963లో ఆ ప్రక్రియకు పేరు పెట్టారు. 1974లో ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడేలతో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. మేము క్లాసులో లైసోజోమ్ చెప్పేటప్పుడు ఆటోఫజీ రెండు వాక్యాల్లో అయిపోయేది. పిల్లలు అది ఎలా జరుగుతుంది సార్ అని అడిగితే మా దగ్గర జవాబు ఉండేది కాదు, నిజానికి అప్పుడు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

ఎందుకు లేదంటే చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఒక్కటే దారి. అందులో కనపడేది చచ్చిన కణం, ఒక్క క్షణం తాలూకు ఫొటో. ఆ సంచి ఎక్కడ పుట్టింది, ఎటు పోతోంది, దాన్ని కట్టే ప్రొటీన్లు ఏవి అన్నది ఫొటో చెప్పదు. సంచి బతికేది కూడా కొద్ది నిమిషాలే. సుమారు పాతికేళ్లు చాలా మంచి శాస్త్రవేత్తలు దీనిమీద పనిచేశారు, గ్లూకగాన్ అనే హార్మోన్ ఇస్తే పెరుగుతుందని, ఇన్సులిన్ ఇస్తే తగ్గుతుందని, అమైనో ఆమ్లాలు ఆపుతాయని చక్కగా కనిపెట్టారు. కానీ జీన్ ఒక్కటీ చేతికి రాలేదు. జీన్ చేతిలో ఉంటే దాన్ని తీసేసి చూడొచ్చు, లేకపోతే ఏం జరుగుతుందో అడగొచ్చు. ఒసుమి ఇచ్చింది అది. మీ సీనియర్‌కి ఇలా చెప్పండి, డి డ్యూవ్ వల్ల అది ఉందని తెలిసింది, ఒసుమి వల్ల దాన్ని ఆపి చూసే వీలు దొరికింది.

ఒక్కరికే ఇవ్వడం గురించి నాకూ మనసులో ఉంది. అదే కాలంలో జర్మనీలో మైఖేల్ థుమ్ విడిగా మ్యుటెంట్లు తీసి 1994లో ప్రచురించారు, వాటికి ఏయూటీ అని పేర్లు. అమెరికాలో డేనియల్ క్లయోన్స్కీ ఒక ఎంజైమ్ వాక్యువోల్‌లోకి ఎలా చేరుతుందో వెతుకుతూ సీవీటీ అనే మ్యుటెంట్లు తీశారు. తీరా పోల్చి చూస్తే మూడు ల్యాబుల జాబితాలు చాలావరకు ఒకటే. ఒకే జీన్‌కి మూడు పేర్లతో చదివేవాడికి తల తిరిగేది. 2003లో అందరూ కూర్చుని ఎటిజి అనే ఒకే పేరు కింద కలిపారు, ఒసుమి ఎపిజి1 అలా ఎటిజి1 అయింది. తన పేరు వదులుకుని ఉమ్మడి పేరుకు ఒప్పుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. మొదట చూసింది, మొదటి మ్యుటెంట్ల జాబితా ఇచ్చింది, తర్వాత యంత్రాంగంలో ముఖ్యమైన భాగాలు విప్పింది ఒసుమి ల్యాబే కాబట్టి ఆయన పేరు ముందుండటం సబబే. మిగతా ఇద్దరి పేర్లు మాత్రం మీ సెమినార్‌లో చెప్పకుండా వదలకండి.

జీనోమ్‌వ్యాలీ_బయాలజిస్ట్:

పైన అందరూ 1993 దగ్గర ఆగారు. ప్రభావం అన్నారు కాబట్టి ఆ తర్వాతది నేను కలుపుతాను, నేను కంపెనీలో సెల్ అస్సేలు (కణాల మీద పరీక్షలు) చేసేదాన్ని.

15 గ్రూపులు దొరికాక జీన్లు క్లోన్ చేస్తే సీక్వెన్సులు దాదాపుగా దేన్నీ పోలి లేవు. ఎటిజి1 కైనేజ్ (వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అని తెలిసింది, మిగతావాటిలో చాలావరకు చూస్తే ఏమీ అర్థం కాని పరిస్థితి. ఆయన 1996లో ఒకాజాకిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ బేసిక్ బయాలజీకి మారారు, ముడి విడింది అక్కడ. డాక్టర్‌గా చదివి ఈస్ట్ ల్యాబ్‌కి వచ్చిన మిజుషిమా 1998లో నేచర్‌లో చూపించింది ఏమిటంటే, ఎటిజి12 అనే చిన్న ప్రొటీన్ వెళ్లి ఎటిజి5కి గట్టిగా అతుక్కుంటుంది, అచ్చం యుబిక్విటిన్ (వేరే ప్రొటీన్లకు గుర్తులా తగిలే చిన్న ప్రొటీన్) అతుక్కునే పద్ధతిలో, మధ్యలో ఎటిజి7, ఎటిజి10 సాయంతో. 2000లో ఇంకో వింత. ఎటిజి8 అనే ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌కి కాకుండా పొరలోని ఒక కొవ్వుకి అతుక్కుంటుంది! ప్రొటీన్‌ని లిపిడ్‌కి అతికించే ఇలాంటి వ్యవస్థ ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. సంచి పొర పెరగడానికి అదే కీలకం.

అదే ఏడాది తమోత్సు యోషిమోరి బృందం క్షీరదాల్లో ఎటిజి8కి జోడీ ఎల్‌సీ3 అని చూపించింది. ఇక్కడి నుంచి ఆయన పని ప్రతి ల్యాబ్ బెంచి మీదికి వచ్చింది. నేను వారానికి రెండు మూడుసార్లు ఎల్‌సీ3 వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో విడదీసి గుర్తించే పరీక్ష) చేస్తాను. జెల్‌లో రెండు బ్యాండ్లు దగ్గరదగ్గరగా వస్తాయి, పైన ఎల్‌సీ3-1, కింద ఎల్‌సీ3-2. రెండోదానికి కొవ్వు అతుక్కుని ఉంది కాబట్టి బరువు ఎక్కువ, అయినా జెల్‌లో వేగంగా పరిగెత్తి కిందికి దిగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మేడమ్ బ్యాండ్లు తిరగబడ్డాయా అని అడుగుతారు. ఆ కింది బ్యాండ్ చిక్కబడితే ఆటోఫజీ పెరిగిందని చాలామంది రాసేస్తారు, అది చాలదు. సంచులు ఎక్కువ తయారైనా చిక్కబడుతుంది, తయారైనవి లైసోజోమ్‌లో అరగకుండా పేరుకున్నా చిక్కబడుతుంది. అందుకే లైసోజోమ్‌లో అరగకుండా ఆపే బాఫిలోమైసిన్ వేసి, వేయకుండా పక్కపక్కన నడిపి తేడా చూడాలి. ఈ ఒక్క విషయం మీద, ఏ పరీక్ష ఏం చెబుతుంది ఏం చెప్పదు అని ఈ రంగంలోవాళ్లంతా కలిసి గైడ్‌లైన్స్ పేపర్ రాసుకున్నారు, 2008లో మొదటిది, తర్వాత మూడుసార్లు తిరగరాశారు, 2016 దానికి రెండు వేల మందికి పైగా రచయితలు. ఒక మనిషి ప్రభావాన్ని కొలవాలంటే సైటేషన్ల కంటే నేను దీన్నే చూపిస్తాను. 1990ల మొదట్లో ఆటోఫజీ మీద ఏడాదికి వచ్చే పేపర్లు పదుల్లో ఉండేవి, ఇప్పుడు వేలల్లో.

జబ్బుల వైపు కూడా నాలుగు మాటలు. 1999లో బెత్ లెవిన్ బృందం ఈస్ట్ ఎటిజి6 జోడీ అయిన బెక్లిన్ 1కీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం చూపింది, జబ్బుల శాస్త్రవేత్తలు ఇటువైపు తిరగడానికి ముఖ్య కారణం అది. 2006లో జపాన్ నుంచే రెండు పేపర్లు, ఎలుక మెదడు కణాల్లో ఎటిజి5 లేదా ఎటిజి7 తీసేస్తే చాలు, ఏ విషప్రొటీనూ బయటి నుంచి పెట్టకుండానే లోపల చెత్త పేరుకుని నాడీకణాలు దెబ్బతిన్నాయి. మన దేశానికి బాగా పనికొచ్చేది 2004లో వోయో డెరెటిక్ ల్యాబ్ పని, మాక్రోఫేజ్ కణాల్లో (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాల్లో) ఆటోఫజీ పెంచితే క్షయ బ్యాక్టీరియా బతకడం కష్టమైంది. ఇక్కడ కూడా ఈ రంగం గట్టిగానే ఉంది, బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ (జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఉన్న పరిశోధన సంస్థ)లో ఈస్ట్‌తో మొదలుపెట్టి ఆటోఫజీ మీద పనిచేసే ల్యాబ్ ఉంది, మీరు వాళ్ల పేపర్లు చూడండి.

ఒక్క విషయంలో మాత్రం పైన రాసినవాళ్లతో నాకు కొంత తేడా ఉంది. ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఎంచుకున్నారు, నిలబడ్డారు, గెలిచారు అని చెబితే వినే పిల్లలకు సగమే చెప్పినట్టు. 1977 నుంచి ఆయనకు టోక్యోలో నెలనెలా జీతం వచ్చే స్థిరమైన పోస్టు ఉంది. చిన్నదే, కానీ ఏడాదికోసారి రెన్యువల్ టెన్షన్ లేదు. వాక్యువోల్‌తో పదేళ్లు గడిపే తీరిక అందువల్లే దొరికింది. అదే ఈ రోజు మూడేళ్ల ప్రాజెక్టు డబ్బుతో, ప్రతి ఆరునెలలకూ రిపోర్టు రాస్తూ ఉండే స్కాలర్‌ని ఎవరూ చూడని ప్రశ్న పట్టుకో అనడం నాకు మనసొప్పదు.

బెంచ్‌మీద_పదేళ్లు:

మేడమ్ చెప్పినది నేను ఒప్పుకుంటాను, ఒసుమి కూడా ఇదే చెబుతూ వచ్చారు. నోబెల్ వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఎక్కడ మాట్లాడినా జపాన్‌లో ప్రాథమిక పరిశోధనకు డబ్బు తగ్గిపోతోంది, వెంటనే ఉపయోగం ఏమిటి అని అడగడం ఎక్కువైంది, కుర్రవాళ్లకు నిలకడైన పోస్టులు లేవు అన్న సంగతే ఎత్తుతున్నారు. 2017లో ఒసుమి ఫ్రాంటియర్ సైన్స్ ఫౌండేషన్ అని పెట్టి ప్రాథమిక జీవశాస్త్రానికి సాయం చేస్తున్నారు. కాబట్టి సెమినార్‌లో ఆ మాట చెప్పి తీరాలి.

కానీ స్థిరమైన పోస్టు ఉన్నవాళ్లంతా ఆ పని చేయలేదు కదా. ఆ రోజుల్లో పెప్4 మ్యుటెంట్ ఈస్ట్, అంటే పైన చెప్పిన ఎంజైములు పనిచేయని స్ట్రెయిన్, ఎన్నో ల్యాబుల ఫ్రీజర్లలో ఉంది. ప్రొటీన్ శుద్ధి చేసేటప్పుడు అది అరిగిపోకుండా ఉంటుందని వాడుకునేవారు. దాన్ని ఆకలి పెట్టి, వాక్యువోల్‌లోకి తొంగి చూడాలని ఒక్కరికే తట్టింది. పదేళ్లు వాక్యువోల్‌ని చూసిన కన్ను అది. ఆ కన్ను తయారవడానికి ఉద్యోగ భద్రత కావాలి, ఆయనకున్న ఇష్టం కూడా కావాలి. మైక్రోస్కోప్ ముందు తానే గంటలు గంటలు కూర్చునే ప్రొఫెసర్ ఆయన.

ఈస్ట్_స్కాలర్ గారూ, ఫెబ్స్ లెటర్స్ సంగతి కూడా తేల్చేద్దాం. మన దగ్గర ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌కి వచ్చే సగటు సైటేషన్ల లెక్క) చూసి పాయింట్లు లెక్కేసే పద్ధతిలో ఆ పేపర్‌కి ఏమంత మార్కులు రావు. నోబెల్ కమిటీ ముఖ్యమైన పేపర్లని చెప్పిన నాలుగింటిలో అది ఒకటి. మిగతావి 1992 జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ, 1998, 2000 నేచర్ పేపర్లు. నాలుగూ డౌన్‌లోడ్ చేసుకోండి, మీ టాక్ అంతా వాటిలోనే ఉంది.

ఈస్ట్_స్కాలర్:

ఇప్పుడు దారి కనపడింది. వాక్యువోల్ పదేళ్లతో మొదలుపెట్టి, 1992, 1993 పేపర్ల మీద ఎక్కువసేపు ఉండి, అక్కడి నుంచి ఎలుక పిల్లల పేపర్‌కి వెళ్తాను. థుమ్, క్లయోన్స్కీలను ఎటిజి పేరు దగ్గర తెస్తాను. లెక్చరర్ గారు చెప్పిన పాతికేళ్ల సంగతి, గ్లూకగాన్ ఇన్సులిన్ ముక్క కూడా పెడతాను. ఉద్యోగ భద్రత గురించి మేడమ్ రాసినది చివర్లో చర్చకు పెడితే మా సీనియర్లు గంటసేపు మాట్లాడతారు.

చివరిగా ఒకటి. 1992లో ఆయన చూసిన ఆ సంచులు మా ల్యాబ్‌లో నేను చూడగలనా? మా దగ్గర పెప్4 స్ట్రెయిన్ లేదు, మ్యుటేషన్ లేని మామూలు వైల్డ్ టైప్ ఉంది, ఆయిల్ ఇమ్మర్షన్ ఉన్న మైక్రోస్కోప్ ఉంది.

బెంచ్‌మీద_పదేళ్లు:

తప్పకుండా చూడొచ్చు, స్ట్రెయిన్ కూడా అక్కర్లేదు. అదే 1992 పేపర్‌లో ఉంది, వైల్డ్ టైప్‌కి పీఎంఎస్‌ఎఫ్ అనే రసాయనం కలిపి ఆకలి పెట్టినా సంచులు పేరుకుంటాయి, ఎందుకంటే అది వాక్యువోల్‌లోని ప్రొటినేజ్ బిని ఆపుతుంది. కల్చర్‌ని వైపీడీలో (ఈస్ట్‌ని మామూలుగా పెంచే పోషక ద్రావణంలో) మధ్యస్థంగా పెంచండి, బాగా కడగండి, నైట్రోజన్ మిగిలితే పని చెడుతుంది. తర్వాత అమైనో ఆమ్లాలు, అమ్మోనియం సల్ఫేట్ రెండూ లేని నైట్రోజన్ బేస్‌లో 2 శాతం గ్లూకోజ్ వేసి, 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్ కలిపి 30 డిగ్రీల్లో తిప్పండి. పీఎంఎస్‌ఎఫ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, నీళ్లలో త్వరగా చెడిపోతుంది కాబట్టి ఇథనాల్‌లో స్టాక్ చేసుకుని అప్పటికప్పుడు కలపండి. మూడు నాలుగు గంటల తర్వాత 100ఎక్స్ లెన్స్ కింద చూడండి. పక్కన పీఎంఎస్‌ఎఫ్ వేయని కంట్రోల్ ఒకటి పెట్టుకోండి. ఫొటో తీయకండి, వీడియో తీయండి, ఆ కదలిక ఫొటోలో రాదు. సెమినార్‌లో మొదటి స్లైడ్‌గా అదే పెట్టండి.